గడువు ముగిసిన తరువాత: శిక్షానంతర పౌరహక్కుల పునఃప్రాప్తి - ఒక నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం

న్యాయస్థానం విధించిన శిక్షను, ప్రొబేషన్‌ను పూర్తిచేసిన వ్యక్తికి పౌరహక్కులు తిరిగి రావడం సమాజం చూపే దయా, లేక సమాజం నెరవేర్చవలసిన బాధ్యతా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో 2018 తరువాతి పరిణామాలను ప్రధానోదాహరణగా స్వీకరించి, ధర్మశాస్త్రాల్లోని ‘వ్యవహార్యత’ భావనతోను, మహాభారత విరాటోద్యోగపర్వాల్లోని ‘సమయ’ వివాదంతోను దానిని కలిపి చదువుతుంది. గడువు విధించినవారే గడువు లెక్కను తేల్చి చెప్పాలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: శిక్ష, ప్రొబేషన్, పౌరహక్కులు, ప్రాయశ్చిత్తం, వ్యవహార్యత, సమయం.

1. ప్రవేశిక

‘శిక్ష’ అనే మాటకు సంస్కృతంలో మొదటి అర్థం నేర్పడం. తెలుగులో ఆ అర్థం ‘శిక్షణ’ అన్న మాటలో నిలిచింది. ‘శిక్ష’ మాత్రం వాడుకలో దండనకే పరిమితమైంది. విడిపోయిన ఈ రెండు అర్థాల మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. నేర్పడానికి ముగింపు ఉంటుంది. విద్య పూర్తయిన శిష్యుడిని గురువు సమావర్తనం చేయించి ఇంటికి పంపుతాడు. ఆనాటి నుంచి అతడు స్నాతకుడు, గృహస్థాశ్రమానికి అర్హుడు. దండనకు అటువంటి సమావర్తనం ఉందా? ఉంటే దానిని జరిపించవలసింది ఎవరు? ఈ వ్యాసానికి మూలం ఈ రెండు ప్రశ్నలే.

ఈ ప్రశ్నలు అత్యంత తీవ్రంగా వినిపించే చోటు అమెరికా సంయుక్త రాష్ట్రాలు. అక్కడ సాధారణంగా ఏడాదికి మించిన కారాగారవాసానికి తగిన నేరాన్ని ‘ఫెలొనీ’ అంటారు. ఆరోపణ మాత్రాన హక్కులు పోవు. నేరం రుజువై తీర్పు నమోదైనప్పుడే పోతాయి. అలా పోయేవాటిలో ఓటు హక్కు, జ్యూరీలో కూర్చునే హక్కు, ప్రభుత్వ పదవికి పోటీచేసే హక్కు, ఆయుధం ధరించే హక్కు ముఖ్యమైనవి. వీటిలో ఏవి, ఎంతకాలం పోతాయి, ఎలా తిరిగి వస్తాయి అన్నది చాలావరకు ఆయా రాష్ట్రాల చట్టాలను బట్టి మారుతుంది. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో ఖైదీలు జైలులో ఉండగానే ఓటు వేయగలరు. వర్జీనియాలో శిక్ష ముగిసినా గవర్నరు అనుగ్రహిస్తేనే ఓటు హక్కు తిరిగివచ్చే పద్ధతి రాజ్యాంగంలోనే ఉంటూ వచ్చింది. అక్కడి పౌరసత్వం స్వీకరించిన తెలుగువారి విషయంలోనూ ఇంతే. ఒకే నేరానికి ఒకే శిక్ష అనుభవించిన ఇద్దరు అన్నదమ్ములు వేర్వేరు రాష్ట్రాల్లో నివసిస్తే ఒకరు ఓటరు, మరొకరు కాకపోవచ్చు.

ప్రొబేషన్ అంటే జైలుకు బదులుగా గాని, జైలుశిక్షకు కొనసాగింపుగా గాని, న్యాయస్థానం పెట్టిన షరతులకు లోబడి సమాజంలోనే గడిపే కాలం. అధికారి ఎదుట క్రమం తప్పకుండా హాజరు కావాలి. అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. విధించిన సొమ్ము చెల్లించాలి. ఈ స్థితిలోని విచిత్రం ఆలోచించదగినది. ఆ వ్యక్తి మన వీధిలోనే ఉంటాడు, పని చేస్తాడు, పన్ను కడతాడు. కాని పౌరుడిగా పూర్తి లెక్కలోకి రాడు.

2. బ్రతికి ఉండగానే మరణం

నేరస్థుడి హక్కులను హరించడం వెనుక ఐరోపా న్యాయచరిత్రలో ‘పౌరమరణం’ అనే భావన ఉంది. దేహం బ్రతికి ఉన్నా చట్టం దృష్టిలో ఆ మనిషి చనిపోయినట్టే. ఇది మనకు పరాయి ఊహ కాదు. మహాపాతకం చేసి ప్రాయశ్చిత్తానికి అంగీకరించని పతితుడికి బంధువులు బ్రతికుండగానే ఉదకక్రియ జరపాలని మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి చెబుతాయి. దాసి నీటికుండను కాలితో తన్నడం ఆ క్రియలో ప్రధానాంశం. అప్పటి నుంచి అతడితో మాట లేదు, పంక్తి లేదు, దాయభాగం లేదు.

అయితే ఆ స్మృతులు అక్కడితో ఆగలేదు. పతితుడు ప్రాయశ్చిత్తం పూర్తిచేసి తిరిగివస్తే ఏం చేయాలో కూడా విధించాయి. బంధువులు అతడితో కలిసి స్నానం చేయాలి. కొత్త కుండను నీటిలో విడవాలి. అతడు తన ఇంట ప్రవేశించి జ్ఞాతికార్యాలన్నీ పూర్వంలాగానే చేసుకోవాలి. ఆ పైన అతడిని ఎవరూ నిందించరాదు. అన్ని విధాలా అతడితో కలసి మెలసి ఉండాలి. మరణక్రియ జరిపించినవారే పునఃప్రవేశక్రియను కూడా జరిపించాలన్నది ఇక్కడ గుర్తించవలసిన సంగతి. తిరిగి వచ్చినవాడు వాకిట నిలబడి యాచించే సన్నివేశం ఈ విధిలో లేదు. వెలివేసిన చేతులతోనే అతడిని లోపలికి తీసుకోవాలి.

యాజ్ఞవల్క్యస్మృతి ప్రాయశ్చిత్తాధ్యాయం మరొక సూక్ష్మమైన భేదం చూపుతుంది. తెలియక చేసిన పాపం ప్రాయశ్చిత్తంతో తొలగిపోతుంది. తెలిసి చేసిన పాపం విషయంలో మాత్రం ప్రాయశ్చిత్తం వల్ల కలిగేది వ్యవహార్యత, అంటే ఈ లోకంలో ఇతరులతో వ్యవహరించడానికి అర్హత. విజ్ఞానేశ్వరుడి మితాక్షర ఈ విషయాన్ని చర్చించింది. ఆ మితాక్షరను ఆధారం చేసుకొనే 13వ శతాబ్దంలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ రచించి, ఆచార వ్యవహార కాండలతో పాటు ప్రాయశ్చిత్త కాండను తెలుగులో నిలిపాడు.

ఈ భేదంలో నేటి చర్చకు కావలసిన కీలకం ఉంది. పాపం పోయిందా లేదా అన్నది ఒక ప్రశ్న. మనిషి మనతో కలసి బ్రతకడానికి అర్హుడా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు మనకు తెలియకపోవచ్చు; దానికోసం రెండవదాన్ని నిలిపివేయనవసరం లేదు. శిక్ష పూర్తిచేసినవాడు నిజంగా మారాడా అని అడిగేవారు ఈ రెండింటినీ కలిపివేస్తున్నారు. హృదయపరివర్తనను కొలిచే సాధనం ఏ న్యాయస్థానం వద్దా లేదు. విధించిన కాలం ముగిసిందా లేదా అన్నది మాత్రం కొలవగలం. ఓటు హక్కు వ్యవహార్యతకు సంబంధించినది; పాపపుణ్యాల నిర్ణయానికి సంబంధించినది కాదు.

ధర్మశాస్త్రాలను ఇక్కడ ఆదర్శంగా నిలపడం ఈ వ్యాసోద్దేశం కాదు. వర్ణాన్ని బట్టి దండనను పెంచి తగ్గించిన గ్రంథాలవి. ఆ అన్యాయాన్ని మరచి వాటిని పొగడలేం. పైగా బాలఘాతకుడు, శరణాగతుణ్ణి చంపినవాడు, స్త్రీఘాతకుడు, కృతఘ్నుడు వంటివారు ప్రాయశ్చిత్తం చేసుకున్నా వారితో సహవాసం కూడదని ఇవే స్మృతులు మినహాయించాయి. ఈ మినహాయింపు కూడా మనకు ఉపయోగపడేదే. తిరిగి చేర్చుకోవడానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్న ఏ కాలంలోనైనా తప్పదని అది చెబుతుంది.

3. ఫ్లోరిడా: ‘పూర్తి’ అంటే ఏమిటి?

ఫ్లోరిడాలో 19వ శతాబ్దం నుంచి ఫెలొనీ నేరం రుజువైనవారికి జీవితాంతం ఓటు హక్కు ఉండేది కాదు. గవర్నరు, ముగ్గురు మంత్రిమండలి సభ్యులు కూర్చునే క్షమాభిక్ష మండలి ఒక్కొక్కరి విన్నపాన్ని విని ఇవ్వదలచితే ఇచ్చేది. రాష్ట్రాలు ఇలా ఓటు హక్కును తొలగించడం రాజ్యాంగవిరుద్ధం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1974లోనే రిచర్డ్‌సన్ వర్సెస్ రమిరెజ్ కేసులో తీర్పు చెప్పింది. అందుచేత మార్పు న్యాయస్థానం నుంచి గాక ప్రజల నుంచి రావలసి వచ్చింది.

2018 నవంబరు 6న ఫ్లోరిడా ఓటర్లు నాలుగవ సవరణను ఆమోదించారు. అవసరమైన 60 శాతాన్ని దాటి 64 శాతానికి పైగా అనుకూలంగా ఓటు వేశారు. పరోల్, ప్రొబేషన్ సహా శిక్షలోని అన్ని నిబంధనలనూ పూర్తిచేసినవారికి ఓటు హక్కు తిరిగి వస్తుందన్నది ఆ సవరణ సారాంశం. హత్య, లైంగిక నేరాలకు శిక్షపడినవారిని మినహాయించారు. స్మృతికారులు గీసిన హద్దువంటిదే ఇక్కడా ఒకటి గీశారు. గీసినది మాత్రం పౌరుల ఓటు. జ్యూరీ, పదవి, ఆయుధం హక్కులు ఈ సవరణ పరిధిలోకి రాలేదు. వాటికి మునుపటి విన్నపపు దారే మిగిలింది. ఈ సవరణ వల్ల సుమారు 14 లక్షలమందికి హక్కు తిరిగి రాగలదని నాటి అంచనా.

ఆ తరువాత వివాదమంతా ‘పూర్తి’ అన్న ఒక్క మాట చుట్టూ తిరిగింది. 2019 జూన్‌లో సంతకమైన చట్టం ప్రకారం జరిమానాలు, బాధితులకు ఇవ్వవలసిన పరిహారం మాత్రమే గాక కోర్టు రుసుములు, ఖర్చులు కూడా చెల్లిస్తేనే శిక్ష పూర్తయినట్టు. 2020 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు తన సలహా అభిప్రాయంలో సవరణలోని మాటలకు ఈ అర్థమే సరైనదని చెప్పింది. 2020 మేలో ఫెడరల్ జిల్లా న్యాయస్థానం, చెల్లించే స్తోమత లేనివారి విషయంలో ఈ పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 11న పదకొండవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానం 6-4 ఆధిక్యంతో ఆ తీర్పును తిరగవేసింది.

జిల్లా న్యాయస్థానం తీర్పులో నమోదైన ఒక సంగతి పరిశోధకులుగా మనల్ని ప్రత్యేకంగా ఆలోచింపజేస్తుంది. శిక్షపడినవారిలో 153 మందిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి, వారు ఎంత బాకీ ఉన్నారో తెలుసుకోవడానికి ఒక ఆచార్యుడు, కొందరు డాక్టరల్ విద్యార్థులు చాలాకాలం శ్రమించారు. ముగ్గురు మినహా మిగిలిన వారందరి వివరాల్లోనూ పరస్పర వైరుధ్యాలు కనిపించాయి. శిక్షణ పొందిన పరిశోధకులు తేల్చలేని లెక్కను, రోజుకూలి చేసుకునే మనిషి తేల్చుకొని రావాలన్నది అక్కడి నియమం. రాష్ట్రమంతటికీ ఒకచోట చూడదగిన బాకీల పట్టిక లేదు. తప్పుగా లెక్కవేసుకొని ఓటు వేస్తే మళ్లీ నేరం. 2022 ఆగస్టులో అర్హత లేకుండా ఓటు వేశారంటూ 20 మందిపై కేసులు పెట్టినట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. వారిలో చాలామంది మినహాయింపు పొందిన నేరాలకు చెందినవారే. కాని వారిలో పలువురికి ఓటరు కార్డు పంపింది ప్రభుత్వ కార్యాలయమే.

అప్పీళ్ల న్యాయస్థానం వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. శిక్షను పాక్షికంగా గాక సంపూర్ణంగా పూర్తిచేయమని కోరే ప్రయోజనం రాజ్యానికి ఉందని, ఓటరు తన అర్హతను తన ప్రయత్నంతోనే నిలబెట్టుకోవాలని ఆధిక్య తీర్పు భావించింది. చట్టం దృష్టిలో ఇది నిలిచిన వాదన. నీతి దృష్టిలో నిలుస్తుందా?

4. సమయం ఎవరు లెక్కించాలి?

గడువు, దాని లెక్క, దాని తరువాతి హక్కు అనే మూడింటినీ తెలుగు సాహిత్యంలో అత్యంత విస్తారంగా చర్చించినవి తిక్కన విరాటోద్యోగపర్వాలు. పాండవులు నేరస్థులు కారు, కపటద్యూతంలో ఓడినవారు. కాబట్టి వారిని నేటి దోషులతో పోల్చడం లేదు. పోలుస్తున్నది గడువు నిర్మాణాన్ని మాత్రమే. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం; అజ్ఞాతంలో బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు. షరతు తప్పితే మొదటికి తీసుకుపోయే ఈ కట్టుబాటు ప్రొబేషన్‌కు చాలా దగ్గరగా ఉంది.

ఉత్తరగోగ్రహణ సందర్భంలో అర్జునుడు బయటపడగానే పుట్టిన ప్రశ్న యుద్ధానికి సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. గడువు తీరిందా, తీరలేదా? ఆ లెక్క చెప్పినవాడు భీష్ముడు. అయిదేళ్లకు రెండు అధికమాసాల చొప్పున పదమూడేళ్లకు అయిదు నెలల పన్నెండు రాత్రులు అధికంగా గడిచాయని వ్యాసభారతంలో అతడు తేల్చాడు. ఆ మాట చెప్పిన చోటు కౌరవసేన మధ్య. ఆ లెక్క తన పక్షానికి ప్రతికూలం. అయినా గడువు విధించిన సభకు పెద్దగా దానిని చెప్పడం తన విధి అని అతడు భావించాడు. పాండవులే లెక్క నిరూపించుకోవాలని అనలేదు.

ఉద్యోగపర్వంలో రెండవ అంకం మొదలవుతుంది. ద్రుపదుడి పురోహితుడు రాయబారం వచ్చినప్పుడు, పాండవులు సమయం పాటించలేదని, మళ్లీ అడవికి పోవాలని కర్ణుడు వాదించాడు. తేలిన లెక్కను తిరగదోడడమే ఆ వాదన లక్ష్యం. తరువాత సంజయుడు వచ్చి, యుద్ధంతో పొందే రాజ్యం కన్నా భిక్షాటనం మేలని ధర్మరాజుకు బోధించాడు. హక్కును ఎగవేసినవారు హక్కుదారుడికి శాంతిని ఉపదేశించడం ఇందులోని విషాదం. చివరికి అయిదూళ్లు అడిగినా దుర్యోధనుడు ఇవ్వలేదు.

ఈ కథనం నుంచి గడువు విధించినవారికి రెండు విధులు ఏర్పడుతున్నాయి: గడువు తీరిందని నిజాయితీగా లెక్క చెప్పడం, చెప్పిన తరువాత హక్కును అప్పగించడం. భారతంలో మొదటి విధి నెరవేరింది, రెండవది భంగమైంది. ఫ్లోరిడాలో ప్రజలు ఓటుద్వారా రెండవదానికి సిద్ధపడ్డారు. రాజ్యం మొదటిదాన్ని వదిలివేసింది. లెక్క తెలియని గడువు ఎప్పటికీ తీరనట్టే. బయటకు గడువుగా కనిపిస్తూ ఆచరణలో జీవితకాలపు దండనగా మారడం సూటిగా విధించిన జీవితకాల దండన కన్నా నైతికంగా హీనమైనది. సూటిగా విధించినదానిలో కనీసం అబద్ధం లేదు.

5. ఋణం అనే ఉపమానం, దాని హద్దులు

శిక్ష పూర్తిచేసినవాడు సమాజానికి ఉన్న ఋణం తీర్చుకున్నాడని అనడం అన్ని భాషల్లోనూ వాడుక. ఈ ఉపమానాన్ని అంగీకరిస్తే దాని నియమాలను కూడా అంగీకరించాలి. ఋణదాత పత్రంలో మొత్తం రాయాలి. చెల్లించినప్పుడల్లా చెల్లు వేయాలి. తీరిన నాడు పత్రం చింపి ఇవ్వాలి. ఎంత బాకీయో చెప్పని అప్పును మన పల్లెల్లో అప్పు అనరు. దానికి వెట్టి అని వేరే పేరుంది.

ఇక్కడ మూడు ఆక్షేపణలకు సమాధానం చెప్పవలసి ఉంది. మొదటిది బాధితుల పక్షం. నష్టపోయినవారికి పరిహారం అందకముందే దోషికి హక్కులు రావడం వారికి మరొక అన్యాయం కాదా? ఈ ఆక్షేపణ బలమైనది. పరిహారం నిజమైన ఋణమే. కాని దానిని వసూలు చేయడానికి సివిల్ మార్గాలు ఉన్నాయి. ఓటు నిలిపివేస్తే బాధితుడి చేతికి ఒక్క రూపాయి అదనంగా రాదు. కోర్టు రుసుముల సంగతి మరింత వేరు. అక్కడి కోర్టు క్లర్కుల కార్యాలయాలు తమ నిర్వహణకు ఈ రుసుములమీదే ఎక్కువగా ఆధారపడతాయి. అది బాధితుడి నష్టానికి బదులు కాదు, రాజ్యం ఖర్చుకు వంతు. ఒకే నేరానికి ఒకే శిక్ష పొందిన ధనికుడికి తీర్పు వచ్చిన నాడే తీరే బాకీ, పేదవాడికి ఇరవై ఏళ్లకూ తీరకపోతే, వారిద్దరి శిక్ష ఒకటే అనలేం.

రెండవది విశ్వాసానికి సంబంధించినది. చట్టాన్ని ఉల్లంఘించినవాడికి చట్టాన్ని నిర్మించడంలో భాగం ఎలా ఇస్తామని అడుగుతారు. ఆ అవిశ్వాసానికి కొలతే శిక్షాకాలం. నేర తీవ్రతను తూచి న్యాయస్థానం ఆ కాలాన్ని నిర్ణయించింది. అది ముగిసిన తరువాత కూడా అవిశ్వాసం కొనసాగితే, న్యాయస్థానం తూచినదానికి సమాజం తనంతట తాను అదనపు తూకం వేసినట్టు.

మూడవది దయను గురించినది. దయతో ఇచ్చినదానిలో ఒక ఔన్నత్యం ఉంది. దానిని హక్కుగా మార్చితే ఆ ఔన్నత్యం పోతుందంటారు. కాని దయకు చోటు గడువు ముగియక ముందే ఉంటుంది. శిక్షను తగ్గించడం, క్షమించడం దయ. గడువు తీరిన తరువాత ఇచ్చేది దయ కాదు, అప్పగింత. అప్పగించవలసినదానిని అనుగ్రహంగా ఇస్తే పుచ్చుకున్నవాడు పౌరుడు కాడు, ఆశ్రితుడవుతాడు.

6. మన చట్టం, మన అలవాటు

భారతదేశంలో ఈ విషయం కొంత మెరుగ్గానూ, కొంత విపరీతంగానూ ఉంది. 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం కింద మందలింపుతో గాని సత్ప్రవర్తన షరతుమీద గాని విడుదలైన వ్యక్తికి నేరనిర్ధారణవల్ల కలిగే అనర్హతలు అంటవు. అంటే ఇక్కడ ప్రొబేషన్ హక్కులను పోగొట్టి తిరిగి ఇచ్చేది కాదు. మొదటే పోకుండా కాపాడేది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 62వ సెక్షన్ అయిదవ ఉపవిభాగం కారాగారంలో ఉన్నవారిని ఓటుకు దూరం చేస్తుంది. విడుదలైతే ఆ అడ్డు తొలగిపోతుంది. చట్టసభలకు పోటీచేయడానికి మాత్రం, రెండేళ్లకు తక్కువ కాని శిక్షపడినవారికి విడుదలైన తరువాత కూడా ఆరేళ్ల అనర్హత ఉంటుంది. దీర్ఘమైనదే గాని, లెక్క తెలిసిన గడువు.

విపరీతం ఎక్కడంటే, ఆ అయిదవ ఉపవిభాగం నేరం రుజువుకాని విచారణ ఖైదీకి కూడా ఓటు లేకుండా చేస్తుంది. నేరం రుజువై అప్పీలులో జామీను పొందినవాడు మాత్రం ఓటు వేయవచ్చు. జామీను పూచీకత్తు కట్టలేని పేదవాడి దగ్గరకు వచ్చేసరికి ఫ్లోరిడా సమస్యే వేరొక రూపంలో మన ముందు నిలుస్తుంది.

చట్టం చెప్పినా సమాజం చెల్లు వేయని సందర్భానికి తెలుగు నేలమీద సాక్ష్యం స్టువర్టుపురం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తరువాత మద్రాసు రాజధానికి వర్తించింది. ఆ చట్టం నీడలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల సమీపాన ఏర్పడిన స్థావరం అది. ఎరుకల కుటుంబాలు వ్యక్తిగత నేరంతో నిమిత్తం లేకుండా, పుట్టుకను బట్టే అనుమానితులయ్యాయి. 1952లో దేశవ్యాప్తంగా ఆ చట్టం రద్దయింది; వారిని ‘విముక్త జాతులు’ అన్నారు. విడిపించామని చెప్పే ఆ పేరే దేనినుంచి విడిపించారో ప్రతిసారీ గుర్తుచేస్తుంది. ఆ ఊరి పేరు చెప్పగానే దొంగతనాన్ని తలచుకునే అలవాటు మన కథల్లోను, సినిమాల్లోను కొనసాగింది. ఏ నేరానికీ శిక్షపడనివారికే గడువు తీరకపోతే, శిక్ష పూర్తిచేసినవారి మాట చెప్పనక్కరలేదు. నిందించరాదన్న పాత విధిని మనం ఇక్కడ మన సాహిత్యానికే అన్వయించుకోవలసి ఉంది.

7. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి. శిక్షానంతరం హక్కు తిరిగి రావడానికి ఆధారం హృదయపరివర్తనకు రుజువు కాదు, గడువు పూర్తికావడం. ఏ నేరాలకు పునఃప్రవేశం లేదో చెప్పదలచుకుంటే దానిని ముందుగా, సూటిగా చెప్పాలి. లెక్కల చిక్కులో దాచకూడదు. గడువు విధించినవారే దాని లెక్కను నిర్వహించి, తీరిన నాడు స్వయంగా తెలియజేయాలి. ఆ లెక్కలో పొరపాటు జరిగితే దాని భారం రాజ్యం మోయాలి గాని, దాని కార్డును నమ్మినవాడు కాదు.

ఈ నియమాలు రాజ్యానికి భారమని అనిపించవచ్చు. కాని ఒక మనిషిని సంఘం నుంచి వేరు చేసే అధికారం అంతకన్నా పెద్దది. దానిని చేతిలోకి తీసుకున్నవారు ఈ చిన్న భారాన్ని కాదనలేరు. కుండను తన్నించినవారే కొత్త కుండను నీటిలో విడిచి, అతడితో పాటు స్నానం చేసి ఇంటికి రావాలని మన పూర్వులు విధించారు. ఆ విధిని వారు అందరికీ సమానంగా అన్వయించలేదు. మనం అన్వయించగలమా అన్నదే నేటి ప్రశ్న.